పాత ఆయిల్ రేంజ్ కుక్కర్ నుంచి ఊడిన భాగం ఏదో గుర్తించడం ఎలా?

ఐర్లండ్‌లోనో ఇంగ్లండ్ పల్లెల్లోనో పాత ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగువారికి వంటింట్లో ఒక కొత్త వస్తువు ఎదురవుతూ ఉంటుంది. గోడకు ఆనుకొని, ఇనప్పెట్టెలా కదలని బరువుతో, పింగాణీ పూతతో, నాలుగైదు తలుపులతో నిలబడి ఉండే ఆ పొయ్యిని అక్కడివారు రేంజ్ కుక్కర్ అంటారు. వీటిలో కిరోసిన్ వంటి ఆయిల్‌తో మండే రకం గురించే ఇక్కడ చెబుతున్నాను. పైన వంట చేస్తుంది, లోపల రొట్టెలు కాలుస్తుంది, చాలా ఇళ్లలో వేడినీళ్లూ ఇస్తుంది, కొన్నిచోట్ల రేడియేటర్లను కూడా అదే వేడి చేస్తుంది. ఆగా, రేబర్న్, స్టాన్లీ అన్నవి ఎక్కువగా కనిపించే పేర్లు. ఇవి ముప్పై నలభై ఏళ్లు పనిచేయడం మామూలే కాబట్టి, అంతకాలంలో ఎందరో విప్పి బిగించి ఉంటారు. ఏదో ఒకనాడు మీరు ఊడుస్తుంటే దాని కింద నుంచి ఒక ఇనుప ముక్క బయటపడుతుంది. అది ఏమిటో, దానికి చోటెక్కడో తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

నాకు దొరికింది అరచేతి వెడల్పున్న గుండ్రని రేకు మూత. పొయ్యి అడుగు అరలో, పాత అట్టపెట్టె వెనుక ఉంది. ఏదో గిన్నె మూత అనుకొని కడిగి, వారం రోజులు టీ కప్పు కింద పెట్టుకున్నాను. ఆ వారమంతా పొయ్యిలో మంట పసుపుపచ్చగా మండుతూనే ఉంది, పొగగొట్టంలో మసి పేరుకుంటూనే ఉంది. ఆ మూతకూ ఈ మసికీ సంబంధం ఉందన్న సంగతి ఎంత ఆలస్యంగా తెలిసిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ముందు పొయ్యి ఆపండి

దొరికిన భాగం ఏమిటో తెలిసేవరకు పొయ్యి వెలిగించకూడదు. వెలుగుతూ ఉంటే, బర్నర్‌కు ఆయిల్‌ను కొలతగా వదిలే కంట్రోల్ వాల్వ్ దగ్గర ఆపి, బర్నర్‌లో మిగిలిన ఆయిల్ దానంతట అది కాలిపోయేదాకా వదిలేసి, తరువాత ట్యాంకు దగ్గరి కుళాయి కట్టేయండి. ఆగా వంటివి వేడిని తమ పోత ఇనుములో దాచుకొనేలా తయారైనవి కనుక చల్లబడడానికి ఒక రాత్రి పట్టినా ఆశ్చర్యపోవద్దు. చల్లారకముందే తిరిగి వెలిగించే ప్రయత్నం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. వేడి బర్నర్ మీద పడిన కిరోసిన్ ఒక్కసారిగా ఆవిరై, అగ్గిపుల్ల చూపగానే భగ్గుమంటుంది. వంటింట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ పని ముగిసేలోగా ఒకటి కొనండి. ఆ వాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పితో మొదలై ప్రాణం మీదికి తెస్తుంది.

మరొక జాగ్రత్త. దొరికినది తెల్లగా లేక బూడిద రంగులో ఉన్న తాడు ముక్క, నేతపట్టీ, పెళుసైన అట్టలాంటి పలక అయితే దాన్ని గీకవద్దు, విరిచి చూడవద్దు, చీపురుతో ఊడ్వవద్దు. పాత పొయ్యిల్లో తలుపుల సీలు తాళ్లకు, బర్నర్ వత్తులకు, వేడి ఆపే పలకలకు ఆస్‌బెస్టాస్ అనే నార ఖనిజం వాడేవారు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్రిటన్‌లో దాని వాడకాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. అలాంటి ముక్కను నీళ్లు చిలకరించి తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి మూసి, తెలిసినవారికి చూపించండి. మిగతా సూచనలన్నీ లోహపు భాగాలకు, మట్టి ఇటుకలకు వర్తించేవి.

దొరికిన చోటును వదులుకోవద్దు

చాలామంది భాగాన్ని చేతిలోకి తీసుకొని దాని ఆకారం చూస్తూ ఆలోచించడం మొదలుపెడతారు. నా అభిప్రాయంలో ఇది తిరగబడిన వరుస. గుండ్రని రేకు అనేది పొయ్యిలో ఐదారు చోట్ల ఉండగలదు. కాని బర్నర్ గది నేల మీద పడి ఉన్న గుండ్రని రేకు ఒకటి రెండు వస్తువులే కాగలదు. అందుచేత దాన్ని కదపక ముందే ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి, ఒకటి దగ్గరగా, ఒకటి చుట్టుపక్కల తలుపులు, గొట్టాలు కూడా కనిపించేంత దూరంగా. ఇప్పటికే కదిపి ఉంటే ఎక్కడ, ఏ వైపు తిరిగి ఉందో గుర్తున్నంత వరకు కాగితం మీద రాసుకోండి.

పొయ్యి అడుగున పడినది పైనుంచి జారి ఉండవచ్చు. పొగగొట్టం మలుపు దగ్గరి శుభ్రం చేసే తలుపు వెనుక దొరికినది గొట్టానికే చెందినది అయి ఉండే అవకాశం ఎక్కువ. అడుగు అరలో, పక్క అల్మారాలో, ట్యాంకు పక్కన దొరికినది మాత్రం తానుగా ఊడి పడినది కాదు, ఎవరో విప్పి పెట్టినది. అటువంటి దాన్ని పాడైపోయి తీసేసిన పాత భాగమని కొట్టిపారేయకండి. నా మూత విషయంలో జరిగింది అదే: ఎప్పుడో సర్వీసుకు వచ్చిన మనిషి తీసి పక్కన పెట్టి, తిరిగి పెట్టడం మరచిపోయాడు.

మీది వత్తుల స్టవ్వా, పంపు స్టవ్వా?

ఈ ప్రశ్నకు జవాబు తేలితే సగం పని అయిపోయినట్లే. ఆయిల్ రేంజ్ కుక్కర్లలో బర్నర్లు ప్రధానంగా రెండు రకాలు. వాటి గురించి అక్కడి పుస్తకాలు చాలా చెబుతాయి కాని, గ్యాసు రాకముందు మన ఇళ్లలో కిరసనాయిలు పొయ్యిలు చూసినవారికి ఒక్క పోలిక చాలు.

మొదటిది ఆవిరి బర్నర్. ఇది మన వత్తుల స్టవ్వుకు పెద్దన్న. బయటి ట్యాంకు నుంచి కిరోసిన్ కేవలం ఎత్తు వల్ల దిగివచ్చి, కంట్రోల్ వాల్వ్ గుండా కొలతగా కారి, బర్నర్ అడుగు పళ్లెంలో గుండ్రంగా ఉన్న గాళ్లలోకి చేరుతుంది. గాళ్లలో వత్తులు ఉంటాయి. గాళ్లకు ఇరుపక్కల, ఒకదానిలో ఒకటి ఇమిడేలా, సన్నని చిల్లులతో నిండిన రేకు గొట్టాలు నిలబడతాయి. వేడికి కిరోసిన్ ఆవిరై రెండు గొట్టాల నడుమ పైకి లేస్తుంది, చిల్లుల గుండా గాలి వచ్చి దానితో కలుస్తుంది, నీలి మంట మండుతుంది. వత్తుల స్టవ్వులో చిల్లుల గొట్టాలు తీసి, తుడిచి, తిరిగి పెట్టేటప్పుడు కాస్త వంకరగా కూర్చుంటే మంట ఒక పక్క ఎర్రగా లేచి గిన్నె అడుగు మసిబారేది గుర్తుందా? ఇక్కడా సరిగ్గా అదే సూత్రం, అదే రోగం.

ఆ గొట్టాల మీద కూర్చునేవే మూతలు. లోపలి గొట్టం మధ్యభాగం గాలి వచ్చే దారి. దాని పైభాగాన్ని గుండ్రని మూత మూసి ఉంచితేనే గాలి గత్యంతరం లేక చిల్లుల గుండా మంటలోకి వెళుతుంది. మూత లేకపోతే గాలి నేరుగా పైకి పోతుంది, ఆవిరికి చాలినంత గాలి అందదు, మంట పసుపుబారి మసి కక్కుతుంది. పెద్ద బర్నర్లలో గొట్టాల జతలు ఎక్కువ కాబట్టి నడుమ ఖాళీని కప్పే ఉంగరంలాంటి మూత కూడా ఉంటుంది. మీకు దొరికినది పలుచని రేకుతో చేసిన చక్రమో ఉంగరమో అయి, దాని అంచు కిందికి వంగి ఉండి, ఒక వైపు వేడికి రంగులు మారి ఉంటే, ముందుగా అనుమానించవలసింది వీటినే. బర్నర్ గది తలుపు తీసి, టార్చి వేసి, గొట్టాల పైభాగం తెరిచి ఉందో మూసి ఉందో చూడండి.

రెండోది ప్రెషర్ జెట్ బర్నర్. ఇది మన పంపు స్టవ్వు కుటుంబం. అక్కడ చేత్తో పంపు కొట్టేవాళ్లం, ఇక్కడ మోటారు కొడుతుంది. ఆయిల్ సన్నని నాజిల్ గుండా పొగమంచులా చిమ్ముతుంది, రెండు ఎలక్ట్రోడ్‌ల నడుమ నిప్పురవ్వ దాన్ని అంటిస్తుంది, ఫ్యాను గాలి ఊదుతుంది. ఇది మండేటప్పుడు స్పష్టంగా హోరు వినిపిస్తుంది, కరెంటు పోతే ఆగిపోతుంది. ఆవిరి బర్నర్ దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది, పాతవాటిలో చాలావాటికి కరెంటు అక్కరే లేదు.

ప్రెషర్ జెట్ కుటుంబంలో దొరికే విడిభాగాలు వేరు. బొటనవేలి కొసంత ఉండి, ఒక చివర ఆరు పలకలు, మరో చివర మరలు, వెనుక చిన్న వడపోత ఉన్న లోహపు ముక్క నాజిల్. దాని పలకల మీద 0.60, 80° వంటి అంకెలు, పక్కన ఒక అక్షరం చెక్కి ఉంటాయి. మొదటిది గంటకు ఎన్ని అమెరికన్ గ్యాలన్లు చిమ్ముతుందో, రెండోది ఎంత కోణంలో చిమ్ముతుందో, అక్షరం ఆ చిమ్మే తీరు ఎలాంటిదో చెబుతాయి. తెల్లని పింగాణీ కడ్డీలోంచి తీగ బయటికి వంగి ఉంటే అది ఎలక్ట్రోడ్. వేలెడంత ప్లాస్టిక్ గొట్టం, రెండు చివర్లా ఇరుసు దూరే గాళ్లతో ఉంటే, అది మోటారును పంపుతో కలిపే కప్లింగ్. అది విరిగితే మోటారు తిరుగుతుంది గాని ఆయిల్ రాదు. ఒక్క హెచ్చరిక: పంపు స్టవ్వు నిప్పుల్‌ను పిన్నుతో పొడిచే మన చిన్ననాటి అలవాటును ఈ నాజిల్ మీద ప్రయోగించవద్దు. ఆ రంధ్రం వెంట్రుకవాసి మారినా చిమ్మే కోణం చెడుతుంది. పాత నాజిల్‌ను శుభ్రం చేయరు, మారుస్తారు.

పొయ్యికి పూర్వజన్మ ఉండవచ్చు

అన్నీ సరిపోల్చినా ఎక్కడా ఇమడని భాగం దొరికిందా? అయితే అది ఆయిల్ పొయ్యిది కాకపోవచ్చు. స్వీడన్‌లో గుస్తాఫ్ డాలెన్ 1922లో రూపొందించిన ఆగా, బ్రిటన్‌లో 1946లో వచ్చిన రేబర్న్, రెండూ మొదట బొగ్గు వంటి ఘన ఇంధనంతో మండినవే. (డాలెన్ భౌతికశాస్త్రంలో 1912 నోబెల్ గ్రహీత, అదే ఏడాది జరిగిన పేలుడులో చూపు కోల్పోయాడు.) తరువాతి కాలంలో బొగ్గు మోయలేక, బూడిద ఎత్తలేక ఎన్నో కుటుంబాలు తమ పాత పొయ్యి కడుపులోనే ఆయిల్ బర్నర్ పెట్టించుకున్నాయి. అప్పుడు తీసేసిన కమ్మీలు, బూడిద తొట్టె, బూడిద రాల్చడానికి ఆడించే మీట, మంటగదికి చుట్టూ పేర్చే మట్టి ఇటుకలు, వీటిలో కొన్ని పొయ్యి పక్కనే ఉండిపోతాయి. దొరికినది వేళ్ల మందాన పోత ఇనుప కమ్మీ అయి, నిప్పుకు కరిగి అరిగినట్లు కనిపిస్తే, అది ఆ పూర్వజన్మ జ్ఞాపకం. ఇప్పటి బర్నర్‌కు దానితో పని లేదు. అయినా పారవేయవద్దు, ఇంటి యజమాని ఆస్తి అది, పైగా పాత పొయ్యిలను పునరుద్ధరించేవారు అలాంటి భాగాల కోసం వెతుకుతూ ఉంటారు.

చేత్తో, కంటితో, అయస్కాంతంతో

ఇప్పుడు భాగాన్ని బల్ల మీద పాత పేపరు పరచి పెట్టండి. వెంటనే కడగవద్దు, దాని మీది మసి మీకు సాక్ష్యం.

ఒక వైపు మెత్తని నల్లమసి, మరో వైపు శుభ్రంగా ఉంటే, మసి వైపు పొగ దారిని చూసేదని అర్థం. గట్టిగా పెచ్చుకట్టిన, గోటికి రాని నల్లని కీటు ఉంటే అది కిరోసిన్ మాడి గడ్డకట్టిన చోటు, అంటే బర్నర్ పళ్లెం లేక దానిలోకి ఆయిల్ తెచ్చే గొట్టం దగ్గరిది. ఎర్రని తుప్పు పొరలుగా లేస్తే ఎక్కువ వేడి, తేమ రెండూ తగిలిన చోటు. మసి ఏమీ లేకుండా జిడ్డుగా కిరోసిన్ వాసన వేస్తే అది మంట ముఖం చూడని భాగం: ఫిల్టర్ గిన్నె, వాల్వ్ మూత, పైపు జాయింటు వంటిది. ఒక వైపు పింగాణీ పూత ఉందంటే ఆ వైపు మనిషి కంటికి కనిపించేది. లోపల దాగి ఉండే భాగానికి సాధారణంగా రంగులపూత వేసి డబ్బు వృథా చేయరు.

తరువాత లోహం. పోత ఇనుము బరువుగా, ఇసుక అచ్చు వల్ల కాస్త గరుకుగా ఉంటుంది, విరిగిన చోట బూడిద రంగు గింజలు కనిపిస్తాయి, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం అంటుకోవు. చిల్లుల గొట్టాలను వేడికి తట్టుకొనే స్టీలుతో చేస్తారు. వీటిలో కొన్ని రకాలు అయస్కాంతానికి అంటుకోవు కనుక ఒక్క ఆ పరీక్షతోనే తీర్పు చెప్పవద్దు. పోత ఇనుప భాగం పనికివస్తుందో లేదో తెలియాలంటే, సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్లు, వేలాడదీసి చిన్న చెక్కతో తట్టండి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉంది.

కొన్ని భాగాలను చూడగానే గుర్తుపట్టవచ్చు. పొగగొట్టంలో గాలి లాగుడును అదుపుచేసే తేలికపాటి చక్రపు తలుపు ఒకటి ఉంటుంది, దానికి మర బిగించిన చిన్న గుండ్రని బరువు వేలాడుతుంది. ఆ బరువు ఒక్కటే ఊడి మీకు దొరికితే అది ఎందుకూ కొరగాని గుండీలా కనిపిస్తుంది, కాని అది లేకుండా ఆ తలుపు సరైన చోట నిలవదు. అలాగే పొయ్యి వెనుక నుంచి పొడవాటి సన్నని రాగి తీగ, కొసన పెన్సిల్ ముక్కంత గొట్టంతో వేలాడుతూ కనిపించవచ్చు. అది తీగ కాదు, లోపల ద్రవం నిండిన కేశనాళిక. పొయ్యి దగ్గర వేడి మితిమీరినప్పుడు ఇంటి బయటే ఆయిల్‌ను ఆపేసే ఫైర్ వాల్వ్‌కు అది స్పర్శేంద్రియం. దాన్ని కత్తిరించవద్దు, మెలిపెట్టవద్దు, చుట్ట చుట్టి లోపలికి తోయవద్దు. అది క్లిప్పు నుంచి జారి ఉంటే, జారిందని మాత్రం టెక్నీషియన్‌కు చెప్పండి.

అక్షరాలు, అంకెలు

ఇక శుభ్రం చేయవచ్చు, మెత్తని బ్రష్షుతో, ఆరుబయట, ముక్కుకు మాస్క్ కట్టుకొని. పోత భాగాల వెనుకవైపు ఉబ్బెత్తు అక్షరాలు తరచుగా ఉంటాయి. తుప్పులో అవి కలిసిపోయి ఉంటే సుద్దముక్కను పడుకోబెట్టి మీదుగా రుద్దండి, అక్షరాల నెత్తిన తెల్లగా అంటుకొని తేలివస్తాయి. చెక్కిన, అంటే లోతు అక్షరాలైతే కాస్త ముగ్గుపిండో మైదాపిండో చల్లి పైపైన తుడవండి, గాళ్లలో పిండి నిలిచి చదవడానికి వీలవుతుంది. టార్చిని పైనుంచి కాక పక్క నుంచి, దాదాపు బల్లకు సమాంతరంగా పట్టుకుంటే మామూలు కంటికి కనబడనివి కూడా నీడలతో బయటపడతాయి.

ఇక్కడ ఒక తికమక ఉంది. పోత మీది అంకె సాధారణంగా అచ్చు నంబరు. దుకాణాల జాబితాలో ఉండేది విడిభాగం నంబరు. రెండూ ఒకటే కానవసరం లేదు. అందువల్ల అంకెను ఇంటర్నెట్‌లో వెతికితే ఏమీ రాకపోయినా నిరాశపడకండి, అది తప్పు చదివారనీ అనుకోకండి. ఎడమ, కుడి భాగాలు అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే జతల్లో ఎల్, ఆర్ అక్షరాలు కూడా చూసుకోండి.

కొలవడం

వెర్నియర్ కాలిపర్ ఉంటే మంచిది, లేకపోతే స్టీలు స్కేలు. గుండ్రనిదైతే బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు, మందం; చిల్లుల గొట్టమైతే చిల్లుల వరుసలు ఎన్నో కూడా లెక్కపెట్టండి. మిల్లీమీటర్లలో కొలిచి, 25.4తో భాగించి అంగుళాల్లోనూ రాయండి. పాత బ్రిటిష్ పొయ్యి కాబట్టి 203 మి.మీ. అనే వింత అంకె అక్కడ చక్కని 8 అంగుళాలుగా మారుతుంది.

మరల దగ్గర మాత్రం అంగుళాలు మనల్ని మోసం చేస్తాయి. బ్రిటిష్ పైపు మరల పేరు, బయటి కొలత ఒకటి కావు. పావు అంగుళం అని పిలిచే పైపు మర బయటి వ్యాసం సుమారు 13.2 మి.మీ. ఉంటుంది, అంటే అర అంగుళం కన్నా ఎక్కువ! 3/8 అంగుళం అని పిలిచేది సుమారు 16.7 మి.మీ. రెండింటికీ అంగుళానికి 19 చుట్లు. కనుక 13 మి.మీ. కొలిచి, అర అంగుళం జాయింటు కావాలని దుకాణంలో అడిగితే వేరే వస్తువు చేతికి వస్తుంది. మీరు కొలిచిన వ్యాసాన్ని, అంగుళానికి ఎన్ని చుట్లు లెక్కకు వచ్చాయో ఆ అంకెను ఉన్నదున్నట్లు చెప్పండి, పేరు పెట్టే పని అమ్మేవారికి వదిలేయండి.

పొయ్యి పేరు పట్టుకోవడం

ముందు తలుపు మీది పేరు చాలదు. రేబర్న్ అన్న ఒకే పేరు కింద దశాబ్దాల తరబడి ఎన్నో నమూనాలు వచ్చాయి. బర్నర్ గది తలుపు లోపల, అడుగు పలక వెనుక, పక్కల మీద టార్చి వేసి వెతికితే చిన్న లోహపు పలక కనిపించాలి. దాని మీద నమూనా, సీరియల్ నంబరు, ఇంధనం రకం ఉంటాయి. ఇంధనం దగ్గర 28 సెకండ్లు అనో 35 సెకండ్లు అనో రాసి ఉంటే అది కాలం కాదు, చిక్కదనం: ఒక ప్రామాణిక పరికరంలోంచి ఆయిల్ కారడానికి పట్టే సమయాన్ని బట్టి పెట్టిన పేరు. 28 కిరోసిన్, 35 దానికన్నా చిక్కనిదైన గ్యాస్ ఆయిల్. కంట్రోల్ వాల్వ్‌కు దాని సొంత పలక ఉంటుంది. నిమిషానికి ఎన్ని ఘన సెంటీమీటర్ల ఆయిల్ వదలాలో అందులో ఉండవచ్చు. రెండింటినీ ఫొటో తీయండి.

నమూనా తెలిసిన తరువాత దాని భాగాలన్నీ విడదీసి గీసిన పటం కోసం వెతకండి. పటంలో మీ చేతిలోని ఆకారాన్ని వెతకడం కన్నా, పటంలోని ఒక్కొక్క భాగాన్నీ పొయ్యిలో చూసి ఉన్నవాటికి టిక్కు పెట్టుకుంటూ పోవడం మేలు. చివరికి టిక్కు పడనిదే మీ చేతిలో ఉన్నది. ఇది కాస్త విసుగు పుట్టించే పని, కాని ఇందులో పొరపాటు తక్కువ.

అడగవలసినవారిని అడగడం

విడిభాగాల దుకాణానికి రాసేటప్పుడు ‘ఇదేమిటి?’ అని ఒక్క ఫొటో పంపితే జవాబు రావడం కష్టం. పొయ్యి పలక ఫొటో, భాగం రెండు వైపుల ఫొటోలు పక్కన స్కేలు పెట్టి, దొరికిన చోటు, కొలతలు, లోహం, మంట ఇప్పుడు ఏ రంగులో ఉందన్న సంగతి, ఇవన్నీ ఒకే ఉత్తరంలో ఉండాలి.

భాగం ఏదో తేలిన తరువాత కూడా దాన్ని మీరే బిగించాలన్న ఆరాటం వద్దు. తలుపు పిడి, ఓవెన్ అర వంటివైతే నిస్సంకోచంగా పెట్టుకోండి. బర్నర్, ఆయిల్ పైపు, వాల్వ్, పొగగొట్టం సంబంధమైనది ఏదైనా, ఆయిల్ పొయ్యిల పనివారిని నమోదు చేసే ఆఫ్టెక్ అనే సంస్థలో నమోదైన టెక్నీషియన్ చేతుల మీదుగానే జరగాలి. ఆ సంస్థ నమోదు బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఉంది. అద్దె ఇల్లయితే యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి, ఫోనులో చెప్పి ఊరుకోవద్దు.

టెక్నీషియన్ రాగానే, పెట్టె కింద పెట్టీ పెట్టకముందే, ఆ భాగాన్ని అతని చేతికి ఇవ్వండి. ఆవిరి బర్నర్ సర్వీసు అంటే గొట్టాలు తీసి, పళ్లెం గీకి, పైపులో గడ్డకట్టిన కీటు పొడిచి, వత్తులు మార్చి, అన్నీ తిరిగి పేర్చి, వెలిగించి, మంట నీలిరంగుకు తిరిగేదాకా కూర్చోవడం. అంతా అయ్యాక ‘ఇది కూడా దొరికిందండీ’ అని నేను మూత అందించినప్పుడు, ఆయన ఒక్క నిమిషం మాట్లాడకుండా నా వైపు చూసి, మంట ఆర్పి, అది చల్లారేదాకా రెండు గంటలు మా వంటింట్లో టీ తాగుతూ కూర్చున్నాడు.